జికో కోచింగ్ లెక్క: ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆఖరి పావుగంట

సాంబ_శివ

బ్రెజిల్ ఫుట్‌బాల్ దిగ్గజం జికో ఆట గురించి ఎవరికీ పేచీ లేదు. బ్రెజిల్ తరఫున 71 మ్యాచ్‌ల్లో 48 గోల్స్. తన బ్రెజిల్ క్లబ్ ఫ్లమెంగోకు 500కు పైగా. దక్షిణ అమెరికా క్లబ్బుల కప్ అయిన లిబర్టడోరెస్ 1981 ఫైనల్లో కోబ్రెలోవాతో మూడు మ్యాచ్‌లు ఆడాల్సొస్తే, ఫ్లమెంగో కొట్టిన నాలుగు గోల్సూ ఆయనవే. పేచీ అంతా కోచ్‌గా ఆయన స్థాయి గురించే. "ఆటగాడిగా గొప్పోడు, కోచ్‌గా మామూలోడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. మ్యాచ్‌లు విడివిడిగా చూస్తే ఆ ముక్క నిలబడదని నా అభిప్రాయం.

ముందు వరుస చెప్పుకుందాం. 1999లో జపాన్ క్లబ్ కాషిమా ఆంట్లర్స్‌కు కొద్దికాలం తాత్కాలిక బాధ్యత. 2002 నుంచి 2006 దాకా జపాన్ జాతీయ జట్టు. 2006–08 టర్కీ క్లబ్ ఫెనర్‌బాచే. 2008 చివర్లో ఉజ్బెకిస్తాన్‌లో బున్యోద్కోర్. 2009 జనవరి నుంచి సెప్టెంబరు దాకా సీఎస్‌కేఏ మాస్కో. అదే సెప్టెంబరు నుంచి 2010 జనవరి దాకా గ్రీస్ క్లబ్ ఒలింపియాకోస్. 2011–12 ఇరాక్. 2013–14 ఖతార్‌లో అల్ ఘరాఫా. 2014 నుంచి 2016 దాకా మూడు సీజన్లు ఎఫ్‌సీ గోవా.

నా వాదన ఇది. గోల్ కావాల్సినప్పుడు జికో బెంచీని వాడుకునే తీరు చాలా మంచిది. ఉన్న గోల్‌ను కాపాడుకోవాల్సినప్పుడే ఆయన జట్లు తడబడ్డాయి. 2006 జూన్ 12న జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్‌లో ప్రపంచకప్ మ్యాచ్‌లో ఆస్ట్రేలియాతో జపాన్, 2015 డిసెంబరు 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్లో ఎఫ్‌సీ గోవా, రెండూ గెలుపు గుమ్మంలో నిలబడి ఓడినవే. ఒప్పుకోనివాళ్లు మ్యాచ్, నిమిషం, పేరు చెప్పి వాదించండి.

కాషిమా_కొమ్ము

శివ గారూ, వరుస 1999లో మొదలుపెట్టారు. నిజానికి 1991లో మొదలుపెట్టాలి. అప్పటికి ఆయన ఆట మానేసి ఏడాది దాటింది, బ్రెజిల్ ప్రభుత్వంలో క్రీడల కార్యదర్శిగా కూడా పనిచేసి వచ్చారు. (1993లో అక్కడ వచ్చిన క్రీడా చట్టాన్ని ఇప్పటికీ జికో చట్టం అనే అంటారు.) కాషిమాలో ఆయన చేరింది సుమిటోమో మెటల్ అనే ఉక్కు కంపెనీ జట్టులో. అదప్పుడు రెండో డివిజన్‌లో ఉంది. జపాన్ కొత్త వృత్తి లీగ్ అయిన జె.లీగ్‌లో చోటు కావాలంటే 15,000 మంది పట్టే, పైకప్పున్న స్టేడియం కట్టాలని లీగ్ షరతు పెట్టింది. కట్టారు. పేరు ఆంట్లర్స్ అని మార్చుకుని, మొదటి పది క్లబ్బుల్లో ఒకటయ్యారు.

1993 మే 16న నగోయా గ్రాంపస్‌తో మొదటి లీగ్ మ్యాచ్. 5–0. అందులో జికోవి మూడు, జె.లీగ్ చరిత్రలో అదే మొదటి హ్యాట్రిక్. అప్పటికి ఆయన వయసు 40. ఆ ఏడాది మొదటి అంచె టైటిల్ కాషిమాదే.

కోచింగ్ అంటే టచ్‌లైన్ దగ్గర నిలబడటమే అనుకుంటే ఇదంతా లెక్కలోకి రాదు. కంపెనీలో పని ముగించుకుని సాయంత్రం బంతి తన్నే జట్టును వృత్తి జట్టుగా మలచడంలో అసలు కష్టం చిన్న విషయాల్లో ఉంటుంది. ప్రాక్టీస్‌కు ఎన్నింటికి రావాలి, బూట్లు ఎవరు చూసుకోవాలి, ఓడిన రోజు డ్రెస్సింగ్ రూంలో ఎలా ఉండాలి, అన్నీ మొదటి నుంచీ నేర్పాలి. అంకితభావం, నిజాయితీ, గౌరవం అనే మూడు మాటలను ఆ క్లబ్ నేటికీ జికో స్ఫూర్తిగానే చెప్పుకుంటుంది. స్టేడియం బయట ఆయన విగ్రహం ఉంది. 2018లో టెక్నికల్ డైరెక్టర్‌గా తిరిగొచ్చారు. ఆ నవంబరులోనే కాషిమా ఇరాన్ క్లబ్ పెర్సెపోలిస్‌ను 2–0, 0–0తో దాటి మొదటిసారి ఆసియా చాంపియన్స్ లీగ్ గెలిచింది. కోచ్ గో ఒయివా, ఆ ఘనత ఆయనదే. పునాది ఎవరిదో మాత్రం కాషిమాలో ఎవర్ని అడిగినా చెబుతారు.

మైదానం_లెక్కలు

జపాన్ నాలుగేళ్లను గోల్ నిమిషాలతో చూద్దాం. శివ గారి వాదనకు ఇందులో బలమూ ఉంది, చిక్కూ ఉంది.

2004 ఫిబ్రవరి 18, ఒమన్‌తో ప్రపంచకప్ క్వాలిఫయర్, సైతామా. స్కోరు 0–0గా సాగుతుంటే కుబో ఇంజురీ టైమ్‌లో కొట్టాడు. 1–0.

అదే గ్రూపులో మనం కూడా ఉన్నాం. జూన్ 9న సైతామాలో 7–0, సెప్టెంబరు 8న కోల్‌కతా సాల్ట్ లేక్‌లో 4–0. జికో జట్టు మన మీద కొట్టిన గోల్స్ మొత్తం 11, మనం ఒక్కటీ కొట్టలేదు.

2004 ఆసియా కప్, చైనా. జోర్డాన్‌తో క్వార్టర్స్ 1–1, షూటౌట్. నకామురా, అలెక్స్ సాంటోస్ ఇద్దరికీ మొదటి రెండు కిక్కుల్లోనే నిలబడే కాలు జారింది. రెండూ పోయాయి. కెప్టెన్ మియమోటో రిఫరీతో మాట్లాడి గోల్‌పోస్ట్ మార్పించాడు. తర్వాత గోల్‌కీపర్ కవాగుచి నిలబెట్టాడు, 4–3. సెమీస్‌లో బహ్రెయిన్‌తో ఎండో మొదటి సగంలోనే రెడ్ కార్డుతో వెళ్లిపోయాడు. పదిమందితో 2–3 వెనకబడి ఉండగా 90వ నిమిషంలో నకజవా హెడర్, ఎక్స్‌ట్రా టైమ్‌లో తమాదా. 4–3. ఫైనల్లో ఆగస్టు 7న బీజింగ్‌లో ఆతిథ్య చైనా మీద 3–1.

2005 ఫిబ్రవరి 9, ఉత్తర కొరియాతో 1–1. బెంచీ నుంచి వచ్చిన ఒగురో ఇంజురీ టైమ్‌లో కొట్టి 2–1 చేశాడు. జూన్ 8న బ్యాంకాక్‌లో, ప్రేక్షకులు లేని స్టేడియంలో అదే ఉత్తర కొరియా మీద 2–0. 89వ నిమిషంలో మళ్లీ ఒగురోనే. దాంతో ప్రపంచకప్‌కు అర్హత. రెండు వారాల తర్వాత కాన్ఫెడరేషన్స్ కప్‌లో బ్రెజిల్‌తో 1–2గా ఉంటే 88లో ఒగురో, 2–2.

చివరి నిమిషాల్లో గోల్ రాబట్టడం జట్టుకు అలవాటైంది. అంతవరకూ మీ మాట నిజం. అయితే దాన్ని కోచ్ గొప్ప అనాలా? ఒమన్, ఉత్తర కొరియాలతో సొంతగడ్డ మీద 90వ నిమిషం దాకా ఎందుకు ఆగాల్సొచ్చిందన్నది ముందు అడగాలి.

ఆఫ్‌సైడ్_ఆనంద్

లెక్కలు గారు అడిగింది సరైన ప్రశ్న. జవాబు జట్టును అమర్చిన తీరులో ఉంది.

ముందున్న కోచ్ ట్రూసియే పద్ధతి వేరు. ముగ్గురు డిఫెండర్లు ఒకే గీత మీద కదలాలి, ఎవరెక్కడ ఉండాలో ముందే రాసి పెట్టి ఉంటుంది. జికో వచ్చి ఆ తాళ్లు విప్పేశారు. 2002 అక్టోబరు 16న జమైకాతో ఆయన మొదటి మ్యాచ్. నకాటా, నకామురా, ఒనో, ఇనమోటో నలుగుర్నీ మిడ్‌ఫీల్డ్‌లో ఒకేసారి దింపారు. అప్పటి జపాన్‌లో మంచి పాసర్లంతా అక్కడే ఉన్నారు. ఫలితం 1–1. 1982లో బ్రెజిల్‌కు జికో, ఫల్కావో, సెరెజో, సోక్రటీస్ కలిసి ఆడిన నాలుగు మూలల మిడ్‌ఫీల్డ్ నీడ అందులో కనిపిస్తుంది.

ఆ అమరికలో చిక్కేమిటంటే, నలుగురూ బంతిని కాళ్ల దగ్గరికే అడుగుతారు. ప్రత్యర్థి డిఫెన్స్ వెనక్కి పరిగెత్తేవాడు ఉండడు. ఎదుటి జట్టు పదిమందితో వెనక్కి దిగి కూర్చుంటే బంతి పెనాల్టీ పెట్టె బయటే అటూ ఇటూ తిరుగుతుంది. పక్కల నుంచి ఫుల్‌బ్యాక్ పైకి వెళ్తే, పోయిన బంతికి వెనక ఇద్దరే మిగులుతారు. అందుకే ఒమన్ లాంటి జట్టుతో 0–0 అంతసేపు సాగింది. తర్వాత ఆయనే 3–5–2కి (ముగ్గురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు) మారారు. ట్రూసియే ముగ్గుర్ని గీత గీసినట్టు నిలబెడితే, జికో దగ్గర మియమోటో ఒకడుగు వెనక ఉండి ఊడ్చేవాడు. ఆసియా కప్ ఆ అమరికతోనే గెలిచారు.

ఇక కైజర్స్‌లౌటర్న్. మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్, మండే ఎండ. 26వ నిమిషంలో నకామురా వేసిన క్రాస్ ఆస్ట్రేలియా కీపర్ ష్వార్జర్ చేతికి అందకుండా లోపలికి పోయింది, 1–0. 53లో ఆస్ట్రేలియా కోచ్ హిడింక్ కేహిల్‌ను దింపాడు, 61లో పొడగరి జోష్ కెన్నెడీని, 75లో అలోయిసీని. అప్పటికే విడూకా ఉన్నాడు. ఆస్ట్రేలియా ఏం చేయబోతోందో దాచిందేమీ లేదు, పొడుగు బంతులు.

జపాన్ వైపు 56లో డిఫెండర్ సుబోయి దెబ్బతిని వెళ్లిపోవడంతో మొనివాను దింపారు. ఒక మార్పు అక్కడే ఖర్చయింది. 79లో ఫార్వర్డ్ యనగిసవాను తీసి ఒనోను దింపారు. ఇదే అసలు తప్పు. బంతిని మన కాళ్ల దగ్గర తిప్పుకుంటే వాళ్లకు దొరకదన్నది ఆలోచన. వినడానికి బాగుంది. జరిగింది వేరు. ముందు ఒక్క తకహారా మిగిలేసరికి ఆస్ట్రేలియా డిఫెండర్ల మీద ఒత్తిడి పోయింది. తలెత్తి, చూసుకుని, తాపీగా పొడుగు బంతి వేసే వీలు దొరికింది. బంతి మిడ్‌ఫీల్డ్ మీదుగా గాల్లో పోతుంటే మిడ్‌ఫీల్డ్‌లో ఇంకొకడు ఉండి ఏం లాభం? 84లో నీల్ పొడుగు త్రో వేశాడు, కవాగుచి ముందుకొచ్చి పిడికిలితో కొట్టబోయి తప్పాడు, ఆ గందరగోళంలో కేహిల్. 89లో పెట్టె బయటి నుంచి మళ్లీ కేహిల్, పోస్టుకు తగిలి లోపలికి. ఒగురోను దింపింది 90 దాటాక. వెంటనే అలోయిసీ మూడోది. 1–3.

నా దృష్టిలో 79లో చేయాల్సిన పని, అలసిన ఫార్వర్డ్ స్థానంలో కాళ్లలో సత్తువున్న ఫార్వర్డ్‌నే దింపి బంతి వేసేవాడి మీదకు పంపడం. ఒగురో బెంచీ మీదే ఉన్నాడు.

సాంబ_శివ

ఆనంద్ గారూ, నేను చెప్పదలచుకున్నది నాకంటే బాగా చెప్పారు. ఇంకో మాట కలుపుతాను. 79వ నిమిషపు మార్పు పిరికిది కాదు. బంతి కాళ్ల దగ్గరుంటే ప్రమాదం లేదన్నది ఆయన పుట్టిపెరిగిన ఆట నమ్మకం. 1982 ప్రపంచకప్‌లో జూలై 5న బార్సిలోనాలోని సర్రియా స్టేడియంలో ఇటలీతో 2–2 చేశాక బ్రెజిల్‌కు డ్రా చాలు, సెమీస్ చేరేది. అయినా ముందుకే ఆడింది. 74లో ఇటలీ ఫార్వర్డ్ రోసీ మూడోది కొట్టాడు. అది టెలే సంటానా జట్టు, జికో కోచ్ కాదు. కానీ ఆ బడిలో చదివినవాడే ఆయన.

బోస్ఫరస్_గాలి

టర్కీ రెండేళ్లు చూడకుండా తీర్పు ఇవ్వొద్దు. కోచ్‌గా జికో శిఖరం అదే.

2006–07లో లీగ్ టైటిల్. 1907లో పుట్టిన క్లబ్‌కు వందేళ్లు నిండిన ఏడాది అది, ఒత్తిడి ఎంతుంటుందో ఊహించుకోండి. 2007–08 చాంపియన్స్ లీగ్‌లో ఇంటర్, పీఎస్‌వీ, సీఎస్‌కేఏ ఉన్న గ్రూపు. ఇంటర్‌ను ఇస్తాంబుల్‌లో 1–0తో ఓడించి, గ్రూపులో రెండో స్థానం. తర్వాత నాకౌట్‌లో స్పెయిన్ క్లబ్ సెవియ్యా.

ఇంట్లో 2–2గా ఉన్న మ్యాచ్‌ను 87లో సేమిహ్ షెంతుర్క్ 3–2 చేశాడు, బెంచీ నుంచి వచ్చి. తిరుగు మ్యాచ్‌లో మొదటి తొమ్మిది నిమిషాల్లో రెండు గోల్స్ పడ్డాయి. డానీ ఆల్వెస్, కేయిటా. గోల్‌కీపర్ వోల్కాన్ డెమిరెల్ రెండింట్లోనూ తడబడ్డాడు. డెయివిడ్ ఒకటి తగ్గించాడు, కనూటే 3–1 చేశాడు, 79లో మళ్లీ డెయివిడ్. మొత్తం 5–5. షూటౌట్‌లో అదే వోల్కాన్ మూడు ఆపాడు. ఫెనర్‌బాచే చరిత్రలో మొదటి చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్.

చెల్సీతో ఇస్తాంబుల్‌లో 13లో డెయివిడ్ సొంత గోల్. రెండో సగంలో దింపిన కాజిమ్ రిచర్డ్స్ 65లో సమం చేశాడు. 81లో డెయివిడ్ దూరం నుంచి కొట్టిన బంతి పైమూలకు, 2–1. స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో బల్లాక్, లాంపార్డ్ గోల్స్‌తో 0–2, అక్కడితో ముగిసింది.

సేమిహ్ సంగతి ప్రత్యేకం. ఆ సీజన్ టర్కీ లీగ్‌లో 17 గోల్స్‌తో టాప్ స్కోరర్ అతనే. చాలా మ్యాచ్‌ల్లో బెంచీ నుంచే వచ్చాడు. జపాన్‌లో ఒగురో ఏ పని చేశాడో, ఇక్కడ సేమిహ్ అదే చేశాడు. ప్రత్యర్థి సెంటర్‌బ్యాక్‌లు అలసిన వేళ పెట్టె లోపల తిరిగే మనిషి. గంట దాటాక వాడటానికి ఒకరిని పెట్టుకోవడం జికో పద్ధతిలో భాగమే, అదృష్టం కాదు.

గచ్చిబౌలి_గోల్‌పోస్ట్

బోస్ఫరస్ అన్నా, నీ మాట కరెక్టే గానీ ఒక సంగతి చూడు. ఫెనర్‌బాచేలో లోపల ఎవరున్నరు? అలెక్స్ డి సౌజా, రాబెర్టో కార్లోస్, లుగానో, ఎడు ద్రసేనా. కోచ్ నోరు తెరవకున్నా మ్యాచ్‌ను చల్లబరచాల్నో వేగం పెంచాల్నో వాళ్లకే తెలుసు. అలెక్స్ అయితే మైదానంలో రెండో కోచ్. జికో ఇచ్చే స్వేచ్ఛ అటువంటోళ్ల చేతిలో పనిచేస్తది. 22 ఏండ్ల పిల్లగాడికి అదే స్వేచ్ఛ ఇస్తే, 85వ నిమిషంల ఏం చేయాల్నో ఆనికి ఎవరు చెప్పాలె?

బోస్ఫరస్_గాలి

భాయ్, ఒప్పుకుంటా. పైగా చెల్సీ తిరుగు మ్యాచ్‌లో 2–1 ఆధిక్యంతో వెళ్లి నాలుగో నిమిషంలోనే బల్లాక్ హెడర్‌కు గోల్ ఇచ్చారు. సెవియ్యాలోనూ తొమ్మిది నిమిషాల్లో రెండు. ఆధిక్యంతో దిగిన రెండు సార్లూ మొదట్లోనే గోల్ పడింది. శివ గారి వాదనను "ఆఖరి పావుగంట" దగ్గర ఆపకుండా, "కాపాడాల్సిన స్కోరు ఉన్నప్పుడల్లా" అని మార్చుకోవచ్చు.

కొత్తగా_వచ్చా

అందరికీ నమస్తే. పక్కదారి ప్రశ్నయితే క్షమించండి. జికో ఫ్రీకిక్ అంత అందకుండా ఎలా పోయేది? బలంగా కొట్టినట్టు కూడా కనిపించదు.

మైదానం_లెక్కలు

పక్కదారి కాదు, ఈ లెక్క ఆనందంగా చెబుతాను.

గోల్‌కు ఎదురుగా 20 మీటర్ల దూరం అనుకోండి. ఎదుటి ఆటగాళ్లు వరుసగా నిలబడే గోడ 9.15 మీటర్ల దగ్గర ఉంటుంది. గోడ ఎగిరితే దాటడానికి బంతి అక్కడ సుమారు 2.5 మీటర్ల ఎత్తులో ఉండాలి. గోల్ బార్ ఎత్తు 2.44 మీటర్లు, కాబట్టి గీత దగ్గరికి 2.3 మీటర్లకు దిగాలి. గాలి ప్రభావం పక్కనపెట్టి లెక్కేస్తే బంతి సుమారు 22 డిగ్రీల కోణంలో, గంటకు 71 కిలోమీటర్ల వేగంతో బయల్దేరాలి. 14 మీటర్ల దగ్గర 2.8 మీటర్ల ఎత్తుకు చేరి, అక్కణ్నుంచి దిగుతుంది. గోల్ చేరడానికి 1.1 సెకను. ఇంతకంటే గట్టిగా కొడితే బార్ మీదుగా పోతుంది. నెమ్మదిగా కొడితే గోడకు తగులుతుంది.

కీపర్‌కు 1.1 సెకను చాలా ఎక్కువ. ఇక్కడే తిప్పుడు పని చేస్తుంది. బంతి ముందుకు దొర్లేలా తిరిగితే గాలి దాన్ని కిందికి నొక్కుతుంది. ఆ నొక్కుడు గురుత్వాకర్షణలో సగం ఉందనుకుంటే, అదే దారిలో బంతిని 87 కిలోమీటర్ల వేగంతో కొట్టొచ్చు. అప్పుడు సమయం 0.9 సెకను. ఆ తగ్గిన 0.2 సెకనులో కీపర్ ఒకడుగు కోల్పోతాడు. పక్కకు వంపు కూడా తోడైతే, బంతి మొదట ఎటు పోతున్నట్టు కనిపించిందో అటు వేసిన మొదటి అడుగు కూడా వృథా.

జికో కుడికాలు. పరుగు చిన్నది. పాదం లోపలివైపు, బొటనవేలి ఎముకకు కాస్త పైభాగంతో బంతి అడుగు పక్క నుంచి పైకి ఒరిపిడిగా తాకుతుంది. ప్రాక్టీస్‌లో గోల్ పైమూలకు చొక్కా వేలాడదీసి దానికి గురిపెట్టేవారు.

నేర్చుకునేవాళ్లు తప్పేది మూడు చోట్ల. వెన్ను వెనక్కి వాలిస్తే బంతి లేస్తుంది, దిగదు. నిలబడే కాలు బంతికి మరీ దగ్గరగా పెడితే తుంటి తిరగడానికి చోటుండదు, వంపు రాదు. బంతిని సరిగ్గా మధ్యలో కొడితే వేగం వస్తుంది, తిప్పుడు రాదు, గోడకే తగులుతుంది. ముందు గోడ లేకుండా మూలకు గురి కుదిరాకే గోడ పెట్టుకోవాలి.

కాషిమా_కొమ్ము

1982లో స్కాట్లాండ్ మీద సమం చేసిన గోల్ ఇలాంటిదే. ఫ్లమెంగో తరఫున ఆఖరి అధికారిక మ్యాచ్, 1989 డిసెంబరులో ఫ్లుమినెన్సే మీద 5–0. అందులోనూ ఆయన గోల్ ఫ్రీకిక్కే.

ఫటోర్డా_గ్యాలరీ

ఇప్పుడు గోవా. ఇక్కడ కోచ్ చేతిలో ఎంత ఉందో ముందు చెప్పాలి, లేకపోతే అన్యాయం.

అప్పటి ఐఎస్ఎల్ రెండు నెలల పైచిలుకు టోర్నీ. లీగ్ దశలో 14 మ్యాచ్‌లు. తుది పదకొండులో విదేశీయులు ఆరుగురికి మించకూడదు, మనవాళ్లు కనీసం ఐదుగురు ఉండాలి. సీజన్ అయిపోగానే జట్టు చెదిరిపోతుంది, మళ్లీ ఏడాది దాదాపు కొత్త జట్టు. ఇంత తక్కువ సమయంలో డిఫెన్స్ కుదరడం కష్టం. దాడి ఇద్దరు మంచి ఆటగాళ్లుంటే కుదురుతుంది, డిఫెన్స్‌కు నలుగురు కలిసి కొన్ని నెలలు ఆడాలి. పైగా మూడు రోజులకో మ్యాచ్, ప్రయాణాలు. ప్రాక్టీస్ అంటే సగం రోజులు అలసట తీర్చడానికే సరి.

అందులోనే 2014లో సెమీస్. కోల్‌కతాతో రెండు మ్యాచ్‌లూ 0–0, షూటౌట్‌లో ఓటమి. 2015లో పట్టికలో మొదటి స్థానం. నవంబరు 17న ముంబై మీద 7–0, హవోకిప్, డుడు ఇద్దరూ హ్యాట్రిక్. సెమీస్ మొదటి మ్యాచ్ ఢిల్లీలో 0–1 ఓడి, ఫటోర్డాలో 3–0తో తిప్పేశారు. గోల్ కావాల్సినప్పుడు జికో జట్టు ఎలా ఆడుతుందో ఆ సెమీస్ చూస్తే తెలుస్తుంది.

ఫైనల్ సొంత స్టేడియంలోనే, చెన్నైయిన్‌తో. 54లో పెనాల్టీని గోవా గోల్‌కీపర్ కట్టిమణి ఆపినా, వెనక్కొచ్చిన బంతిని చెన్నైయిన్ ఆటగాడు పెలిస్సారి లోపల వేశాడు. 58లో హవోకిప్, 1–1. 87లో జోఫ్రే ఫ్రీకిక్, 2–1. మూడు నిమిషాలు నిలబెట్టుకుంటే కప్పు. 90లో గోల్ ముందు గుంపులో బంతి కట్టిమణి చేతికి తగిలి సొంత గోల్. ఇంజురీ టైమ్‌లో చెన్నైయిన్‌కు మెండోజా. 2–3.

87లో గోల్ పడ్డాక పాటించాల్సిన పద్ధతి అందరికీ తెలిసిందే. వెంటనే ఒక మార్పు చేసి అర నిమిషం గడపాలి. సెంటర్‌బ్యాక్‌లు పెట్టె వదలకూడదు. బంతి దొరికితే మూల జెండా దగ్గరికి తీసుకుపోవాలి. గోవా మాత్రం ఆట తెరిచే ఉంచింది. లూసియో లాంటి ప్రపంచకప్ విజేత వెనక ఉన్నా ఆ నాలుగైదు నిమిషాలు ఎవరూ పగ్గం పట్టలేదు.

ఆఫ్‌సైడ్_ఆనంద్

చెన్నైయిన్ కోచ్ మటెరాజీ ఇటలీవాడు. సర్రియాలో 3–2, ఫటోర్డాలో 3–2. 33 ఏళ్ల తేడాతో రెండు సార్లూ ఎదుట ఇటలీ. ఊరికే గుర్తొచ్చింది, వాదనకు పనికొచ్చేది కాదు.

గచ్చిబౌలి_గోల్‌పోస్ట్

కట్టిమణి పేరొచ్చింది కాబట్టి ఇది చెప్పకుంటే తప్పు. 2022 మార్చి 20, అదే ఫటోర్డా, మళ్లీ ఐఎస్ఎల్ ఫైనల్. ఈసారి మన హైదరాబాద్ ఎఫ్‌సీ గోల్‌ల నిలబడ్డడు. కేరళతో 1–1, షూటౌట్ 3–1. మూడు కిక్కులు ఆపిండు. హైదరాబాద్‌కు మొదటి ఐఎస్ఎల్ కప్పు తెచ్చింది ఆ చేతులే. ఆరేండ్ల కింద ఆ మైదానంల అంత నొప్పి చూసిన మనిషి, అక్కడికే వచ్చి గెలిపించిండు. హైదరాబాద్ ఫుట్‌బాల్ మీద పాణమున్నోళ్లెవరూ ఆ రాత్రి మరువరు.

ఫటోర్డా_గ్యాలరీ

అక్కడే జికో పనితనం ఇంకో కోణంలో కనిపిస్తుంది. గోవాలో ఆయన వదిలిపోయింది కప్పు కాదు, కుర్రాళ్లు. రోమియో ఫెర్నాండెజ్ 2015లో బ్రెజిల్ క్లబ్ అత్లెతికో పరనెయెన్సేకు అరువు మీద వెళ్లాడు. మందార్ రావు దేశాయ్ ఆ మూడేళ్లలోనే లీగ్‌కు తెలిసిన పేరయ్యాడు.

కొత్తగా_వచ్చా

ఇరాక్, ఒలింపియాకోస్ గురించి ఎవరూ చెప్పలేదు. అంత తక్కువకాలం ఎందుకున్నారు?

సాంబ_శివ

క్లుప్తంగా చెబుతా. సీఎస్‌కేఏలో ఎనిమిది నెలల్లో రష్యా సూపర్ కప్, రష్యా కప్ రెండూ గెలిచారు, రెండు ఫైనల్లూ రుబిన్ మీదే. అయినా సెప్టెంబరులో తీసేశారు. ఒలింపియాకోస్‌ను ఆర్సెనల్ ఉన్న గ్రూపులోంచి చాంపియన్స్ లీగ్ నాకౌట్‌కు చేర్చారు, ఆ నాకౌట్ ఆడేలోపే జనవరిలో తీసేశారు. ఈ రెండింటి మీద కోచ్ విలువ కట్టలేం, పూర్తి సీజన్ దొరకలేదు.

ఇరాక్ వేరు. మొదటి మ్యాచ్ తర్వాత సొంతగడ్డ మీద ఆడనివ్వని పరిస్థితి, ఇంటి మ్యాచ్‌లు దోహాలో. ఇరాక్‌లోని ఎర్బిల్‌లో జోర్డాన్ చేతిలో 0–2తో మొదలుపెట్టి కూడా చైనా ఉన్న గ్రూపులో మొదటి స్థానంతో చివరి దశకు తెచ్చారు. 2012 సెప్టెంబరు 11న సైతామాలో ప్రత్యర్థి కోచ్‌గా జపాన్ ఎదుట నిలబడ్డారు, 0–1. నవంబరులో జోర్డాన్‌ను 1–0తో ఓడించాక, ఒప్పందం పాటించలేదంటూ తప్పుకున్నారు.

కాషిమా_కొమ్ము

బ్రెజిల్ జట్టు కోచ్ ఎందుకు కాలేదన్న ప్రశ్న కూడా వస్తుందని ముందే చెబుతున్నా. 1998 ప్రపంచకప్‌లో కోచ్ జగాలో పక్కన టెక్నికల్ కోఆర్డినేటర్‌గా ఉన్నారు, అంతవరకే. అన్న ఎడు 1984లో మూడు మ్యాచ్‌లకు బ్రెజిల్ కోచ్. తర్వాత జపాన్‌లో, టర్కీలో తమ్ముడి పక్కనే సహాయకుడిగా పనిచేశారు. 1982 నలుగురిలో ఫల్కావో 1990–91లో బ్రెజిల్‌కు, 1994లో జపాన్‌కు కోచ్. సెరెజో 2000లో కాషిమాకు లీగ్, నబిస్కో కప్, ఎంపరర్స్ కప్ మూడూ ఒకే ఏడాది తెచ్చారు. కాషిమాకు సంబంధించి టచ్‌లైన్ దగ్గర నలుగురిలో గొప్పవాడు సెరెజోనే. ఆ మాట అనడం జికోను తగ్గించడం కాదు. ఆయన వేసిన నేల మీదే సెరెజో పంట పండించారు.

మైదానం_లెక్కలు

మొదట నేను సందేహించాను. సేమిహ్, కాజిమ్, ఢిల్లీ సెమీస్ చూశాక శివ గారి వాదనలో మొదటి సగం ఒప్పుకుంటున్నా, గోల్ వెతకడంలో జికోకు చేయి తిరిగింది. రెండో సగానికి మాత్రం ఒక మినహాయింపు రాసుకోండి. 2004 ఆసియా కప్ ఫైనల్లో 65వ నిమిషంలో నకాటా కోజి గోల్‌తో 2–1 ఆధిక్యం. స్టేడియం నిండా చైనా అభిమానులు. జపాన్ దాన్ని చివరి దాకా నిలబెట్టుకుని, ఇంజురీ టైమ్‌లో తమాదాతో 3–1 చేసింది. ఆ రోజు 3–5–2, ఊడ్చే పనిలో మియమోటో, పక్కన నకజవా. ఎదురుదాడికి తమాదాను ముందే ఉంచారు, తీయలేదు. కైజర్స్‌లౌటర్న్‌లో చేయాల్సింది అదే.

ఆఫ్‌సైడ్_ఆనంద్

ఆ తమాదా గోల్‌ను మళ్లీ చూడండి. ముందుకొచ్చేసిన చైనా డిఫెన్స్ వెనక ఎంత ఖాళీ ఉందో. 79లో యనగిసవా స్థానంలో ఒగురో వచ్చుంటే ఆస్ట్రేలియా వెనక కూడా అంతే ఖాళీ ఉండేది. అప్పటికి ఆ జట్టు ముగ్గురు డిఫెండర్లలో ఒకడైన మూర్‌ను కూడా తీసేసి కెన్నెడీని దింపింది.

ఫటోర్డా_గ్యాలరీ

గోవా పద్దులో ఒకటి మిగిలింది. 2016 సీజన్ పట్టికలో ఆఖరి స్థానం, సమర్థించడానికేం లేదు. కానీ ఆఖరి లీగ్ మ్యాచ్, మళ్లీ చెన్నైయిన్‌తోనే, ఫటోర్డాలోనే, 5–4. ఇంజురీ టైమ్‌లో గెలుపు గోల్ కొట్టింది సాహిల్ తవోరా అనే స్థానిక కుర్రాడు. గోవా బెంచీ మీద జికోకు అదే ఆఖరి మ్యాచ్. 2022 ఫైనల్లో 88వ నిమిషంలో హైదరాబాద్‌కు 1–1 చేసి, కట్టిమణికి షూటౌట్ దాకా అవకాశమిచ్చింది కూడా ఆ తవోరానే.